సీలు విప్పని డబ్బాలు

రేపల్లె,
12 ఆగస్టు 2025

వదినా,

సుశీల రాస్తున్నాను. చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని కవరు చూడగానే కంగారు పడతావు. పడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం.

ఇది ఫోన్లో మాట్లాడే విషయం కాదు. అన్నయ్యకు వినికిడి తగ్గాక మీ ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది. నేను ఇక్కడ తుమ్మితే మీ వీధి చివర వినిపిస్తుంది. మా ఇంట్లోనేమో మీ అన్నయ్యగారు పొద్దస్తమానం వరండా వదిలి కదలరు. అందుకే పాత పద్ధతిలోకి దిగాను.

సంగతేంటంటే, పడవ మళ్లీ తిప్పమని లంకవాళ్లు వచ్చి అడిగారు. ఇన్నాళ్లూ పెనుమూడి రేవు నుంచి వాళ్లను దాటించినాయన కాలు విరిగి మానేశాడట. సుబ్బరత్నమ్మగారు నీకు గుర్తుందో లేదో, లంకలో దొండ పందిళ్లు వేస్తుంది, మనిషి పొట్టి, నోరు పెద్దది. ఆవిడ మా గుమ్మంలో నిలబడి, “ఏం దేవదానం, పడవని బోర్లా పడుకోబెట్టి ఆరేళ్లయింది. దానికి నిద్ర చాల్లే, లేపు” అంది. ఈయన ఔననలేదు, కాదనలేదు. మూడోరోజు మాత్రం గోనెసంచిలో ఉన్న మోటారు తీసి, బందరు తీసుకెళ్లి, కొత్త పిస్టన్ వేయించుకొచ్చారు. నాకు పండగలా అనిపించింది.

అంతే, అక్కడితో ఆగిపోయింది. మోటారు వరండాలో స్టాండుకి తగిలించి ఉంది. రోజూ పొద్దున్నే గుడ్డ పెట్టి తుడుస్తారు. తాడు మాత్రం లాగరు. ఎందుకండీ అంటే “నూనె లేదుగా” అంటారు.

నూనె ఉంది వదినా. మెట్ల కింద గూట్లో ఏడు డబ్బాలు, సీలు విప్పనివి. ఆరేళ్ల కిందట అన్నయ్య ఇచ్చినవే.

ఆ మాట నీ దగ్గర ఎత్తడానికి నాకు మొహం చెల్లటం లేదు. అప్పుడు నది మధ్యలో మోటారు పట్టేసి, పదకొండు మందితో పడవ కొట్టుకుపోయినప్పుడు, “మోషే మేస్త్రీ ఇచ్చిన నూనె పాతదట, అందుకే పిస్టన్ పట్టేసిందట” అని రేవంతా చెప్పుకుంది. రెండ్రోజులకి అన్నయ్య వచ్చి, మోటారు విప్పి చూసి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. మనిద్దరం పెళ్లిళ్లలో, ప్రార్థన కూడికల్లో కలుసుకుంటూనే ఉన్నాం. నూనె తప్ప అన్నీ మాట్లాడుకుంటూనే ఉన్నాం.

ఇప్పుడు అడుగుతున్నాను. ఈ టూస్ట్రోకు నూనె ఏళ్ల తరబడి ఉంచితే చెడిపోతుందా? చెడితే ఎలా తెలుస్తుంది? నలభై ఏళ్లు బోటు మోటార్లు బాగుచేసిన మనిషి నీ పక్కనే ఉన్నాడు. నా పేరు చెప్పకుండా అడిగి రాయి.

నీ ఆడపడుచు,
సుశీల

---

బాపట్ల,
21 ఆగస్టు

సుశీలా,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివి బీరువాలో చీరల కింద పెట్టాను. జవాబు రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. నిజం చెప్పాలంటే కోపం వచ్చింది. మా ఇంట్లో ఆరేళ్లుగా ఎవరూ ఎత్తని మాట నువ్వు కవర్లో పెట్టి పంపావు.

అయినా అడిగాను. మా చర్చిలో ఒకావిడ తమ్ముడికి కావాలట అని అబద్ధమాడాను. ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే, మీ అన్నయ్య మంచం మీద లేచి కూర్చున్నారు. మోటార్ల సంగతి అడిగితే ఆ మనిషి వయసు సగమైపోతుంది.

“సీలుందా?” అన్నారు.

“ఉంది.”

“ఎండ తగిలే చోట పెట్టాడా?”

“లేదు, చీకటి గూట్లో.”

“కింద నేల చెమ్మా?”

నాకేం తెలుసు, పొడిగానే ఉందన్నాను.

అప్పుడు చెప్పటం మొదలుపెట్టారు. నేను బడిపిల్లలకు డిక్టేషన్ చెప్పినట్టు ఆయన చెబుతుంటే నేను రాసుకున్నాను. కంపెనీవాళ్లు మూడు నాలుగేళ్లంటారట. సీలు కదలకుండా, వేడికీ చెమ్మకీ దూరంగా ఉన్న డబ్బా అంతకు మించి కూడా బాగానే ఉంటుందట. “నూనెకి ముసలితనం రాదు, నీళ్లు చేరితేనే దానికి జబ్బు” అన్నారు. మూత తీసిన డబ్బా అయితే ఏడాది, మహా అయితే రెండేళ్లు. పెట్రోల్లో కలిపేసిందైతే నెల దాటితే వాడకూడదు, అది నూనె తప్పు కాదు, పెట్రోలు తప్పు.

చూసే విధానం: డబ్బా బాగా కుదిపి, గాజు గ్లాసులో పోసి వెలుతురుకి పట్టాలి. పాలలా తెల్లగా మసకేస్తే నీళ్లు చేరినట్టు. అడుగున జిగురో రవ్వో కనిపిస్తే వాడొద్దు. బాగుంటే, సీసాలో కాస్త పెట్రోలు పోసి కలిపి ఒక రోజు కదలకుండా పెట్టి చూడాలి. విడిపోయి రెండు పొరలైతే పారబొయ్యాలి. ఇదంతా పెరట్లో చెయ్యి, పొయ్యి దగ్గర కాదు. ఈ మాట నాది.

ఇంతవరకూ నువ్వడిగినదానికి జవాబు. ఇక నేనడుగుతాను. ఆరేళ్లు పైబడ్డ నూనె ఇప్పుడు బాగుంటే, అప్పుడెలా చెడిపోయింది? ఆయన నాలుగు జిల్లాల బోట్లు బాగుచేశారు. ఆయన చెయ్యి పడితే చాలనేవాళ్లు. మీ రేవులో ఆ మాట పుట్టాక సూర్యలంకలో కూడా ఒకడు ఆయన మొహం మీదే “మీ దగ్గర నూనె కొనం మేస్త్రీగారూ” అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

పుష్పలత

---

రేపల్లె,
3 సెప్టెంబరు

వదినా,

నీ ఉత్తరం చదివి బాధపడ్డాను. సూర్యలంక సంగతి ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు నువ్వు. చెప్పి ఉండాల్సింది. ఏం చేసేదాన్నో తెలీదు గానీ చెప్పి ఉండాల్సింది.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఒక డబ్బా తీసి, చేతులు నొప్పి పుట్టేదాకా కుదిపి, పెరట్లో గాజు గ్లాసులో పోశాను. నీలంగా, అద్దంలా ఉంది. అవతల వైపు మందారచెట్టు ఆకులు లెక్కపెట్టొచ్చు. రెండో డబ్బా, మూడో డబ్బా కూడా అంతే. పెట్రోలుతో కలిపి సీసాలో పెట్టి గోడ వారన నీడలో ఉంచాను. మర్నాడు చూస్తే ఎలా కలిపానో అలాగే ఉంది. పొరా లేదు, అడుగున నలకా లేదు.

నూనె బాగుంది వదినా. నీ ప్రశ్న ఉంది చూశావూ, అది నన్ను వదలటం లేదు.

ఇంకో సంగతి. ఆ సీసా ఈయన చూశారు. చేతులు కడుక్కోవటానికి పెరట్లోకి వచ్చి, గోడ వారన సీసా దగ్గర ఆగిపోయారు. వంగి చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టి చూశారు. నేను వంటింటి కిటికీలో నిలబడి ఉన్నాను. “ఏంటిది?” అని అడుగుతారనుకున్నాను. అడగలేదు. సీసా ఎక్కడ ఉన్నదో అక్కడే పెట్టి, అన్నం తినకుండా బయటికి వెళ్లిపోయారు. సాయంత్రం వచ్చి, “నదికి వరద వస్తోందట, ఈ నెలంతా పడవ మాట అనుకోవద్దు” అన్నారు. అంతే.

ఆ ‘నూనె లేదుగా’ తప్ప, నలభై ఏళ్ల కాపురంలో ఈయన నాతో అబద్ధం చెప్పగా నేను చూడలేదు. ఏదో ఉంది. అడగాలంటే భయంగా ఉంది. అన్నయ్యని ఇంకొక్క మాట అడిగి చెప్పు. నూనె బాగుంటే మోటారు పట్టెయ్యటానికి ఇంకేం కారణాలుంటాయి?

సుశీల

---

బాపట్ల,
10 సెప్టెంబరు

చెల్లెమ్మా,

అన్నయ్యను. మీ వదిన చీరల కింద నీ ఉత్తరాలు రెండూ దొరికాయి. నా లుంగీ వెతుక్కుంటూ బీరువా తీశాను. చదివాను. చదవకుండా ఉండవలసింది, కానీ ఈ మధ్య నాకు ఎవరైనా చెప్పేది పూర్తిగా అందేది కాగితం మీదే. మీరు ఫోన్లో మాట్లాడుకునేది నాకు సగం వినపడుతుంది. ఉత్తరమైతే అక్షరం పోదు.

నువ్వు చేసిన పరీక్ష సరిగ్గానే చేశావు. ఆ నూనె మంచిది. ఆ పది డబ్బాలు నేను ఏరి ఇచ్చినవి. అప్పుడూ మంచిదే, ఇప్పుడూ మంచిదే. నిర్భయంగా వాడుకోండి. కలిపేటప్పుడు లీటరు పెట్రోలుకి ఇరవై మిల్లీలు. కొత్త పిస్టన్ కాబట్టి మొదటి పది గంటలు దానికి రెట్టింపు.

మోటారు ఎందుకు పట్టేసిందని అడిగావు. నాకు తెలుసు. ఆ రోజు మీ వరండాలో విప్పి చూసినప్పుడే తెలిసింది. పిస్టన్ చూసినవాడికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. అది బావ చెప్పవలసిన మాట, నాది కాదు. అందుకే చెప్పలేదు.

మీ గుమ్మం తొక్కనిది అలిగి కాదమ్మా. నేను ఎదురుగా కూర్చుంటే బావ తలెత్తలేడు. ఆయన తల దించుకుని కూర్చుంటే నా నోరు ఊరుకోదు. నలుగురిలో ఏదో అనేస్తాను. పడవ మీద బతికే మనిషికి రేవులో మాట పోతే ఇంకేం ఉంటుంది? నాకేం, నేనప్పటికే పని మానేసే వయసులో ఉన్నాను.

బావని గుచ్చి గుచ్చి అడగొద్దు. ఆయనంతట ఆయన చెబితే విను.

మోషే

---

బాపట్ల,
10 సెప్టెంబరు, సాయంత్రం

సుశీలా,

ఆయన రాసింది పోస్టులో వెయ్యమని నా చేతికే ఇచ్చారు. కవరు అంటించలేదు. చదివేశాను. అదే కవర్లో ఇదీ పెడుతున్నాను.

ఈ మనిషికి ఆరేళ్లుగా తెలుసు! ఆరేళ్లు! నేను మీ ఇంటి మీద కోపం పెట్టుకుని, మీ చిన్నదాని పెళ్లి హాల్లో మొహం ముడుచుకుని కూర్చుని, గారెలు బాగున్నా బాగాలేవని చెప్పి, ఇంత పాపం మూటగట్టుకుంటే, ఆయన మాత్రం తెలిసి కూడా పక్కన కూర్చుని ప్రశాంతంగా గారెలు తిన్నారు.

“నాకైనా చెప్పొచ్చుగా” అని చెవిలో అరిచాను.

“నీకు చెబితే సుశీలకు చెబుతావు” అన్నారు.

అది నిజమేననుకో.

ఏమైందో మాత్రం నాకూ చెప్పటం లేదు. అన్నయ్యగారిని ఇబ్బంది పెట్టకు. నేను కూడా ప్రార్థన చేస్తాను. గారెలు చాలా బాగున్నాయి.

పుష్పలత

---

రేపల్లె,
24 సెప్టెంబరు

వదినా,

ఆయన చెప్పారు.

అన్నయ్య ఉత్తరం నేను దాచలేదు. చదివి, వరండాలో మోటారు పక్కన పీట మీద పెట్టి, పైన కళ్లజోడు పెట్టి, కూరలకి వెళ్లిపోయాను. కావాలనే ఆలస్యంగా వచ్చాను. వచ్చేసరికి ఉత్తరం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను సంచి దించకముందే, “సుశీలా, ఇలా కూర్చో” అన్నారు. కూర్చున్నాను.

“ఆ రోజు నూనె కలపలేదు” అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఈ మోటార్లకి నూనె వేరే చోట ఉండదట. పెట్రోల్లో కలిసి వెళ్లి, అదే పిస్టన్‌ని తడపాలి. కలపకపోతే ఇనుము మీద ఇనుము పొడిగా ఒరుసుకుని కాసేపటికే పట్టేస్తుంది. అన్నయ్య పిస్టన్ మీద గీతలు చూసి కనిపెట్టింది అదే.

“టాంకులో ఇసుక చేరిందని ఆ పొద్దున విప్పి కడిగాను. ఆరబెట్టి కొత్త పెట్రోలు పోశాను. నూనె కొలుద్దామని కప్పు తీశాను. అంతలో గట్టు మీద అరటి గెలలు ఎక్కించేచోట ఇద్దరు పోట్లాడుకుంటున్నారు. వెళ్లి సర్దిచెప్పి, అందర్నీ ఎక్కించి, నేరుగా తాడు లాగాను. నది సగం దాటామో లేదో, మోటారు ఒక్క కేక పెట్టి ఆగిపోయింది.”

తర్వాతిది నీకు తెలుసు. కిలోమీటరు దూరం కొట్టుకుపోయి ఇసుక తిన్నె మీద ఆగారు. చేపలవాళ్లు వచ్చి లాక్కొచ్చారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

“ఒడ్డుకొచ్చాక బల్ల కింద చూశాను. కప్పు పొడిగా ఉంది. వేలు పెట్టి చూశాను సుశీలా, పొడిగా ఉంది. అప్పుడే ఎవరో వెనక నుంచి ‘నూనె పాతదేమో’ అన్నారు. ‘అయ్యుండొచ్చు’ అన్నాను. నేనన్నది ఆ ఒక్క మాటే. మిగతాదంతా రేవే చెప్పుకుంది. కానీ కాదని నేను చెప్పలేదు.”

“అన్నయ్య వచ్చినప్పుడైనా చెప్పాల్సింది కదండీ” అన్నాను.

“బావ పిస్టన్ తీసి చూశాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. తెలిసిపోయిందని నాకూ తెలిసింది. తిడతాడని ఎదురుచూశాను. తిట్టకుండా వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే అప్పుడే అయిపోయేది.”

పడవ ఎందుకు మానేశారో కూడా చెప్పారు. నూనె మీద అపనమ్మకం వల్ల కాదు, తన మీద తనకి నమ్మకం పోయింది. “పదకొండు మంది. అందులో ఇద్దరు ఈత రానివాళ్లు. మళ్లీ మర్చిపోనని ఏంటి నమ్మకం?” అన్నారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి రెండు అరచేతులూ నా ముందు చాపితే నేను ఆ చేతులు పట్టుకుని కూర్చున్నాను. కోపం వచ్చింది వదినా, కాదనను. మా అన్నయ్య పేరు కదా. కానీ ఆ చేతులు చూశాక ఎక్కువసేపు నిలవలేదు.

కాసేపటికి నేనే అన్నాను: “కొలిచేది నేను, నడిపేది మీరు. నేను చేత్తో పోసి, మీకు చూపిస్తేనే తాడు లాగండి.” ఆయన నా వైపు చూసి, “నువ్వు రోజూ రేవుకొస్తావా?” అన్నారు. “ఇంట్లో కూర్చుని ఏం చేస్తున్నాను, జాకెట్లు రేవులోనూ కుట్టొచ్చు” అన్నాను.

ఆయనకి అన్నయ్యని చూడాలని ఉంది. బాపట్ల వస్తానంటే నేనే ఆపాను. మోటారు ఇక్కడుంది, రేవు ఇక్కడుంది. వరద తీశాక మీరే ఇద్దరూ రండి. మొదటిసారి అన్నయ్య దగ్గరుండి స్టార్టు చేయిస్తే ఈయనకి ధైర్యం.

ఈసారి గారెలకి పప్పు నువ్వు వచ్చాకే నానబోస్తాను.

సుశీల

---

బాపట్ల,
22 అక్టోబరు

సుశీలా,

నీ ఉత్తరం ఆయనకి ఇచ్చి, పక్కన కూర్చున్నాను. చదివి మడిచి జేబులో పెట్టుకుని, గోడౌన్లోకి వెళ్లి పానాలు కిరసనాయిలుతో కడగటం మొదలుపెట్టారు. నాలుగేళ్లుగా ముట్టుకోనివి. ఇంక బయల్దేరినట్టే అనుకున్నాను.

శనివారం ఒకటో తారీకు పొద్దున బండికి తెనాలి వచ్చి, అక్కడ రేపల్లె బండి మారతారు. నేను రావటం లేదు. మోకాలు బూరెలా పొంగింది, డాక్టరు రెండు వారాలు మెట్లు ఎక్కొద్దన్నాడు. వంటకి పక్కింటావిడ సాయం చేస్తోంది. నా మోకాలి గురించి ఆలోచించి ఆయన్ని రావద్దనొద్దు.

కొన్ని జాగ్రత్తలు. టీలో పంచదార వద్దు. ఆవకాయ ఒక్క ముక్క. చెవి మిషను సంచిలో నీలం డబ్బాలో ఉంది, పెట్టుకోమంటే గుయ్యిమంటుందని విసిరేస్తారు. తెనాలిలో బండి మారేటప్పుడు అనౌన్సుమెంటు వినపడదు కాబట్టి ఎవరైనా వచ్చి ఉంటే బాగుంటుంది.

అన్నయ్యగారికి నా వందనాలు చెప్పు. ఆయన మీద నాకేమీ లేదని కూడా చెప్పు. ఇంతకుముందు ఉండేది. ఇప్పుడు లేదు.

పుష్పలత

---

రేపల్లె,
4 నవంబరు

వదినా,

మోకాలు ఎలా ఉంది? అన్నయ్య క్షేమంగా ఉన్నాడు. ఆవకాయ విషయంలో నేను ఓడిపోయాను, క్షమించు.

అంతా వరసగా రాస్తాను, ఫోన్లో నువ్వు అడిగితే సగమే చెప్పగలిగాను.

తెనాలికి మేమిద్దరం వెళ్లాం. ఈయన ముందు రోజు నుంచీ మనిషి మనిషిలా లేరు. బండి దిగగానే ఏం చెప్పాలో దారంతా పెదవులు కదుపుకుంటూ కూర్చున్నారు. అన్నయ్య దిగాడు. భుజాన పానాల సంచి, చేతిలో గొడుగు. చెవి మిషను లేదు. నన్ను చూసి నవ్వి, ఈయన వైపు తిరిగాడు. ఈయన దగ్గరికెళ్లి, తల దించుకుని, నాకే సరిగ్గా వినపడనంత నెమ్మదిగా ఏదో అన్నారు.

“ఆఁ?” అన్నాడు అన్నయ్య.

మళ్లీ చెప్పారు.

“గట్టిగా చెప్పు బావా.”

వదినా, ఇక చూడు. ప్లాట్‌ఫారం నిండా జనం. ఈయన ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, రేవులో అవతలి ఒడ్డుకి కేకేసినట్టు అరిచారు. “నూనె కలపలేదు బావా! ఆ రోజు నేనే నూనె కలపలేదు! నీ నూనెలో ఏ తప్పూ లేదు!”

టీ అమ్మేవాడు ఆగిపోయాడు. బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడ నా వైపు వంగి, “కూరలో నూనె తక్కువైతే ఇంత రాద్ధాంతమా అమ్మా?” అని అడిగింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

అన్నయ్య గొడుగు కింద పెట్టి, ఈయన రెండు భుజాలూ పట్టుకున్నాడు. “వినపడింది. తెనాలి మొత్తానికి వినపడింది” అన్నాడు.  తర్వాత అన్నయ్యే, “పిస్టన్ ఏ సైజు వేశారు?” అన్నాడు. రేపల్లె దాకా ఇంక నాతో ఒక్కరూ మాట్లాడలేదు. ఒకరు అరవటం, ఒకరు తలూపటం. రైలు పెట్టె అంతా పిస్టన్ల గురించి నేర్చుకుంది.

ఆదివారం ఆరాధనకి వెళ్లొచ్చి, సోమవారం రేవుకెళ్లాం. ముందే తారు పూసి ఉంచిన పడవని నీళ్లలోకి దించి, మోటారు బిగించారు. మన నూనే. నేను కొలిచాను, అన్నయ్య చెప్పినట్టు రెట్టింపు. సీసాలో పట్టి ఈయనకి చూపించాను. నాలుగోసారి తాడు లాగితే అందుకుంది. గట్టు వెంబడి గంటసేపు ఒట్టి పడవ తిప్పారు. అన్నయ్య వెనక కూర్చుని మోటారు మూత మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. చెవులకి అందనిది చేత్తో వింటున్నాడు. ఒకచోట చెయ్యెత్తి ఆపించి, ఏదో మర సగం చుట్టు తిప్పి, మళ్లీ చెయ్యి పెట్టి, “ఆఁ, ఇప్పుడు” అన్నాడు.

అప్పటికే లంకవాళ్లు తొమ్మిదిమంది బుట్టలతో నిలబడ్డారు. ఎక్కబోతుంటే ఈయన, “ఆగండి, ఒక మాట చెప్పాలి” అన్నారు.  ఇది మేం అనుకున్నది కాదు. ఆరేళ్ల కిందటి సంగతంతా, టాంకు కడగటం దగ్గర్నుంచి కప్పు పొడిగా ఉండటం దాకా, వాళ్ల ముందు చెప్పేశారు. “మా బావ ఇచ్చిన నూనె మంచిది. తప్పు నాది. మీ ప్రాణాలమీదికి తెచ్చింది నేను. తెలిశాక కూడా ఎక్కాలనుంటేనే ఎక్కండి” అన్నారు.

 సుబ్బరత్నమ్మగారు బుట్ట కిందకి దించింది. ఆ రోజు పడవలో ఉన్న ఈత రానివాళ్లలో ఆవిడ ఒకతి.

“మా ఆయన బతికున్నప్పుడు ఒకేడు, విత్తనం చల్లానని మర్చిపోయి అదే మడిలో రెండోసారి చల్లాడు” అంది. “మనిషన్నాక మర్చిపోతాడు. ఆరేళ్లు దాచావు చూడు, అది మాత్రం నాకు నచ్చలేదు.”

“నాకూ నచ్చలేదక్కా” అన్నారు ఈయన.

“ఇవాళ కలిపావా?”

“నేను కాదు, మా ఆవిడ కలిపింది.”

ఆవిడ నా వైపు తిరిగి, “చూపించు” అంది. సీసా ఇచ్చాను. ఎండకి పట్టి చూసి, మూత తీసి వాసన చూసి, అర్థమైనట్టు తలూపి నా చేతికిచ్చింది. తర్వాత అన్నయ్య దగ్గరికి నడిచి, “మేస్త్రీగారూ, మేమూ నోటికొచ్చిందల్లా అన్నాం, మనసులో పెట్టుకోకండి” అంది. అన్నయ్యకి వినపడలేదు. నవ్వి, ఆవిడ చేతిలో బుట్ట అందుకుని పడవలో పెట్టాడు. ఆవిడ ఎక్కి ముందు బల్ల మీద కూర్చుంది. ఇక మిగతావాళ్లు ఎక్కారు.

నదిలో నీళ్లు నిండుగా ఉన్నాయి. ఈయన చెయ్యి మోటారు పిడి వదల్లేదు, నేను చూస్తూనే ఉన్నాను. దాటటానికి పదిహేను నిమిషాలు పట్టింది. లంకలో దిగాక ఎవరో అన్నయ్యకి అరటిపళ్ల అత్తం ఇచ్చారు. దొండకాయలు ఇచ్చారు. అక్కడ ఇంజను పంపు ఒకటి పొగ పోతోందట, దాని దగ్గరికి లాక్కెళ్లారు. మధ్యాహ్నం దాకా రాలేదు. ఇవాళ కూడా అక్కడికే వెళ్లాడు.

ఎప్పుడు పంపుతావని అడగొద్దు. నేను పట్టుకుని ఉంచటం లేదు.

నీ సుశీల

---

బాపట్ల,
11 నవంబరు

సుశీలా,

నీ ఉత్తరం చదివి, పక్కింటివాళ్లు ఏమైందో అని తొంగిచూసేంతగా నవ్వాను. తర్వాత కాస్త ఏడిచాను. అది ఎవరూ చూడలేదు.

మొన్న సూర్యలంక నుంచి ఒకతను ఆయన కోసం వచ్చాడు. లేరు, రేపల్లెలో పనిమీద ఉన్నారని చెప్పాను. “పనిమీద” అని చెప్పటం ఎంత బాగుందో నీకెలా చెప్పను? పనిమానేసి వాలుకుర్చీలో కూర్చున్న మనిషి గురించి చాన్నాళ్లుగా నేను ఆ మాట అనలేదు. ఆయన ఫోన్ చేశారు. నా మాట ఆయనకి వినపడదు కాబట్టి ఆయనే మాట్లాడి ఆయనే పెట్టేశారు. రెండు చొక్కాలు పంపమన్నారు. లంకలో ఇంకా మూడు పంపులున్నాయట.

చొక్కాలు పంపను. నేనే తెస్తాను. మోకాలు తగ్గింది, డాక్టరు నడవమన్నాడు. శుక్రవారం బయల్దేరుతున్నాను. తెనాలిలో బండి నేనే మారగలను, ఎవరూ రానక్కర్లేదు, ఎవరూ ఏమీ అరవనక్కర్లేదు.

ఒక సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. నలభై రెండేళ్లు బోటు మెకానిక్కుతో కాపురం చేశాను. ఆయన బట్టలకంటిన నూనె ఉతికాను. ఏ మోటారు ఎలా మోగుతుందో నాకు తెలుసు. ఇంతవరకూ పడవ మాత్రం ఎక్కలేదు. నీళ్లంటే భయం. ఆయన పిలిచినప్పుడల్లా బడి ఉందనో, పిల్లలున్నారనో, మోకాలనో చెప్పి తప్పించుకున్నాను. నీ ఉత్తరంలో సుబ్బరత్నమ్మగారు ఎక్కి కూర్చున్న చోట ఆగి, చాలాసేపు ఆలోచించాను. ఆవిడకీ ఈత రాదు.

అన్నయ్యగారితో చెప్పు, శనివారం పొద్దున పడవలో నాకూ చోటుంచమని. గట్టిగా పట్టుకోవటానికి ఏదైనా ఉన్న చోట.

పుష్పలత